ఒక్కరి సాక్ష్యం మీద నిలిచిన శిక్ష: త్యాగరాజ భాగవతార్ జీవిత గాథ

1944 అక్టోబరు 16, దీపావళి. ఆ పండుగకు ‘హరిదాస్’ అనే తమిళ చిత్రం విడుదలయింది. మద్రాసు నగరంలో బ్రాడ్వే థియేటరు ముందు జనం బారులు తీరారు. ఆ చిత్రం అదే థియేటరులో వరుసగా మూడు దీపావళులు చూసింది. దక్షిణ భారత చలనచిత్ర చరిత్రలో అంతటి ఆదరణ అంతకుముందు ఏ చిత్రానికీ దక్కలేదు. అయితే రెండవ దీపావళి నాటికీ, మూడవ దీపావళి నాటికీ ఆ చిత్ర కథానాయకుడు తన ప్రేక్షకుల మధ్య లేడు. హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడి కారాగారంలో ఉన్నాడు. తెర మీద ఆయన పాడుతూనే ఉన్నాడు, జనం వింటూనే ఉన్నారు.

ఆయనే మాయవరం కృష్ణస్వామి త్యాగరాజ భాగవతార్. తమిళ చలనచిత్ర సీమకు తొలి సూపర్ స్టార్ అని చరిత్రకారులు పేర్కొనే గాయక నటుడు. చిత్తూరు, నెల్లూరు సరిహద్దు పల్లెల్లో తమిళం, తెలుగు రెండూ వినిపించే ఇళ్లలో పెద్దవారికి ఆయన పాట సుపరిచితం. ఆయన కారాగారవాసం గురించి మాత్రం నేటి తరానికి తెలిసినది తక్కువ. పోలీసుల చేతికి చిక్కిన ఒక మనిషి నోటి నుంచి వచ్చిన మాట ఇతరుల జీవితాలను ఎలా తలకిందులు చేయగలదో తెలుసుకోవడానికి ఆ చరిత్ర చదవదగినది.

కడపలో వినిపించిన గానం

భాగవతార్ 1910 మార్చి 1న తంజావూరు ప్రాంతంలోని మాయవరంలో స్వర్ణకారుల కుటుంబంలో జన్మించారు. ఆ తరువాత కుటుంబం తిరుచిరాపల్లికి తరలివచ్చింది. బాలుడికి బడి చదువు మీద మనసు నిలవలేదు. ఎక్కడ పాట వినిపిస్తే అక్కడికి పరుగెత్తేవాడు. కులవృత్తి నేర్చి కుటుంబానికి ఆసరా కావలసిన కొడుకు పాటల వెంట తిరగడం తండ్రికి నచ్చలేదు. ఒకనాడు బాలుడు ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. తండ్రి వెదకుతూ వెళ్లగా మన కడపలో కనిపించాడని ఆయన జీవితచరిత్ర రాసినవారు చెబుతారు. అప్పుడు ఆ పసివాడు చుట్టూ చేరిన జనానికి పాటలు వినిపిస్తున్నాడట. తమిళ బాలుడి గొంతును ముందుగా మెచ్చినవారిలో రాయలసీమ శ్రోతలు కూడా ఉన్నారన్న మాట.

కొడుకు గొంతులోని విశేషాన్ని గ్రహించిన తండ్రి ఆ తరువాత అడ్డు చెప్పలేదు. తిరుచ్చిలో రసిక రంజన సభను నడిపిన ఎఫ్.జి. నటేశ అయ్యరు ఆ బాలుణ్ణి చేరదీసి ‘హరిశ్చంద్ర’ నాటకంలో లోహితాస్యుడి వేషం ఇచ్చారు. అప్పటికి బాలుడి వయసు పదేళ్లు. సత్యం కోసం సర్వస్వం కోల్పోయిన రాజు కుమారుడిగా ఆయన తొలిసారి రంగస్థలం ఎక్కారు. అనంతరం మధురై పొన్ను అయ్యంగారు వద్ద కర్ణాటక సంగీతం అభ్యసించారు. కొన్నేళ్లకు ‘భాగవతార్’ అన్న బిరుదు ఆయన పేరులో భాగమైపోయింది.

వెండితెర వైభవం

రంగస్థలంపై ఖ్యాతి గడించిన ‘పవళక్కొడి’ నాటకాన్ని 1934లో కె. సుబ్రహ్మణ్యం చలనచిత్రంగా తీశారు. భాగవతార్‌కు అదే తొలి చిత్రం. నేపథ్యగానం ఇంకా స్థిరపడని రోజులవి. నటుడే పాడవలసి ఉండేది. అందువల్ల గొంతు ఉన్నవాడే కథానాయకుడు. భాగవతార్‌కు గొంతుతో పాటు రూపమూ ఉంది.

1937లో వచ్చిన ‘చింతామణి’ ఆయనను అందనంత ఎత్తుకు చేర్చింది. ఈ చిత్రానికి దర్శకుడు మన నెల్లూరు వాసి వై.వి. రావు. ఒకే థియేటరులో ఏడాదికి పైగా ఆడిన తొలి తమిళ చిత్రంగా దీనికి పేరుంది. దానిపై వచ్చిన లాభంతో మధురైలో ఆ చిత్రం పేరిటే ఒక సినిమా హాలు వెలసింది. అదే ఏడాది ‘అంబికాపతి’, 1939లో ‘తిరునీలకంఠర్’, 1941లో ‘అశోక్ కుమార్’, 1943లో ‘శివకవి’ వచ్చాయి. పాపనాశం శివన్ రచించి స్వరపరచిన పాటలు ఆయన గొంతులో ఇంటింటికీ చేరాయి. యువకులు ఆయనలాగే మెడ దాకా జుట్టు పెంచుకునేవారు.

వీటిలో ‘అశోక్ కుమార్’ను ప్రత్యేకంగా తలచుకోవాలి. అందులో అశోక చక్రవర్తిగా చిత్తూరు నాగయ్య, రాణి తిష్యరక్షితగా కన్నాంబ, యువరాజు కుణాలుడిగా భాగవతార్ నటించారు. రాణి మోసపు మాటను తండ్రి నమ్ముతాడు. విచారణ లేకుండానే కుమారుడికి శిక్ష పడుతుంది. నిర్దోషి అయిన కుణాలుడు చూపు కోల్పోతాడు. ఆ వేషం కట్టిన నటుడు మూడేళ్లు తిరిగేసరికి నిజజీవితంలో న్యాయస్థానపు బోనులో నిలబడవలసి వచ్చింది.

లక్ష్మీకాంతన్ హత్య

ఆ రోజుల్లో మద్రాసులో సి.ఎన్. లక్ష్మీకాంతన్ అనే పత్రికా సంపాదకుడు ఉండేవాడు. అంతకు ముందు ఫోర్జరీ కేసులో శిక్ష అనుభవించినవాడు. ‘సినిమా తూదు’ అనే పత్రిక పెట్టి సినిమా నటీనటుల వ్యక్తిగత జీవితాలను రచ్చకెక్కిస్తూ రాసేవాడు. రాయకుండా ఉండేందుకు డబ్బు ఇచ్చుకున్నవారు ఉన్నారని నాడు చెప్పుకునేవారు. యుద్ధకాలం గనుక పత్రిక నడపడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్, దర్శకుడు ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు కలిసి గవర్నరు సర్ ఆర్థర్ హోప్‌కు వినతిపత్రం ఇచ్చారు. ఆ పత్రికకు అనుమతి రద్దయింది. లక్ష్మీకాంతన్ ఊరుకోలేదు. ‘హిందూ నేశన్’ అనే మరో పత్రికను చేపట్టి అదే ధోరణి సాగించాడు.

1944 నవంబరు 8న లక్ష్మీకాంతన్ మనిషి లాగే రిక్షాలో వేపేరి ప్రాంతం గుండా వెళుతుండగా దుండగులు అడ్డగించి కత్తితో పొడిచారు. ఆయనను జనరల్ ఆసుపత్రిలో చేర్చారు. మరునాడు ప్రాణం పోయింది.

పోలీసులు పలువురిని పట్టుకున్నారు. డిసెంబరు నెలాఖరులో భాగవతార్‌ను, కృష్ణన్‌ను కూడా అరెస్టు చేశారు. శ్రీరాములు నాయుడి పేరు కూడా కేసులో చేరింది. కత్తి పట్టినవారు వేరే ఉన్నా, డబ్బిచ్చి చేయించిన కుట్ర వెనుక ఈ ముగ్గురూ ఉన్నారన్నది అభియోగం. లక్ష్మీకాంతన్ రాతల వల్ల వీరికి కోపం ఉన్నదన్న సంగతి లోకానికి తెలుసు. అయితే కోపం ఉండటం వేరు, హత్య చేయించడం వేరు. ఆ రెండింటి మధ్య వంతెన వేయడానికి ఒక మనిషి మాట కావలసి వచ్చింది.

అప్రూవర్ మాట

అరెస్టయినవారిలో ఒకడు నేరంలో తనకూ భాగం ఉందని ఒప్పుకుని, మిగిలినవారిపై సాక్ష్యం చెప్పడానికి సిద్ధపడ్డాడు. అందుకు బదులుగా అతడికి క్షమాభిక్ష లభించింది. ఇలాంటి సాక్షినే అప్రూవర్ అంటారు. నేరం రహస్యంగా జరిగినప్పుడు లోపలి మనిషి చెబితే తప్ప నిజం బయటపడదు. కనుక చట్టం ఈ పద్ధతిని అనుమతించింది. కానీ ఇందులోని ప్రమాదాన్ని కూడా చట్టం ముందే గుర్తించింది.

అప్రూవర్ స్థితిని ఒక్కసారి ఊహించండి. తన మెడకు ఉరితాడు పడే అవకాశం ఉంది. తాను చెప్పే మాట నచ్చితే ప్రాణం దక్కుతుంది. నచ్చకపోతే క్షమాభిక్ష పోతుంది. అలాంటివాడు నిజమే చెప్పవచ్చు. ఎదుటివారు వినదలచినదీ చెప్పవచ్చు. తన తప్పును గొప్పవారి మీదకు నెట్టనూ వచ్చు. అతడి శరీరంపై దెబ్బ పడకపోయినా, భయమూ ఆశా అనే రెండు కొరడాలు అతడి వెనుకే ఉంటాయి. అందుకే ఇతర ఆధారాల బలం లేకుండా అప్రూవర్ మాట మీద మాత్రమే శిక్ష విధించడం క్షేమం కాదని న్యాయస్థానాలు తరతరాలుగా హెచ్చరిస్తూ వచ్చాయి.

భాగవతార్ కేసులో ప్రాసిక్యూషన్ నిర్మించిన కుట్ర కథకు అప్రూవర్ సాక్ష్యమే మూలస్తంభం అయింది.

మద్రాసు నేర్పిన పాత పాఠం

పోలీసుల ముందు పలికిన ఒప్పుకోలును నమ్మరాదన్న నియమం వెనుక మద్రాసు చరిత్ర కూడా ఉంది. 1854లో మద్రాసు రాజధానిలో ఒక విచారణ సంఘాన్ని నియమించారు. శిస్తు వసూలుకూ, నేరాలు ఒప్పించడానికీ జనాన్ని హింసిస్తున్నారన్న ఫిర్యాదులను ఆ సంఘం పరిశీలించింది. తెలుగు జిల్లాలు, తమిళ జిల్లాలు రెండూ దాని పరిధిలోనివే. ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురు సభ్యులు 1855లో నివేదిక సమర్పించారు. వేళ్లను కర్రల మధ్య పెట్టి నొక్కే పరికరం గురించి అందులో ఉంది. తమిళులు దానిని కిట్టి అనేవారు, మనవారు చీరట అనేవారు. మనిషిని వంచి, తల పైకెత్తలేకుండా తాడుతో కట్టి, ఎండలో నిలబెట్టే పద్ధతి గురించీ ఉంది. చిన్న ఉద్యోగుల చేతుల్లో హింస అన్నది మామూలు వ్యవహారంగా మారిపోయిందని సంఘం తేల్చింది.

ఆ నివేదిక తరువాత 1859లో మద్రాసు పోలీసు వ్యవస్థను చట్టం ద్వారా పునర్నిర్మించారు. 1861 నాటి నేర విచారణ స్మృతి పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును సాక్ష్యంగా స్వీకరించరాదని నిర్దేశించింది. 1872 నాటి భారత సాక్ష్య చట్టం అదే నియమాన్ని నిలబెట్టింది. బెదిరించి గాని, ఆశపెట్టి గాని రాబట్టిన ఒప్పుకోలు చెల్లదని కూడా చెప్పింది. ఒప్పుకోలు చెప్పదలచినవాడు మేజిస్ట్రేటు ముందు, తన ఇష్టంతో, హెచ్చరిక విన్న తరువాతనే చెప్పాలి.

ఇవన్నీ 1944 నాటికి ఉన్న రక్షణలే. అయినా నియమం పుస్తకంలో ఉండటం ఒకటి, విచారణ వేళ గుర్తుండటం మరొకటి.

జ్యూరీ తీర్పు

ఆ కాలంలో మద్రాసు నగరంలో జరిగిన హత్య కేసులను హైకోర్టులోనే సెషన్స్ విచారణగా నడిపేవారు. నగర ప్రజల నుంచి ఎంపికైన తొమ్మిది మంది జ్యూరీ సభ్యులు సాక్ష్యం విని, దోషి అవునో కాదో చెప్పేవారు. న్యాయమూర్తి మోకెట్ ఎదుట విచారణ సాగింది. కోర్టు ఆవరణ ప్రతిరోజూ జనంతో నిండిపోయేది. నిందితుల తరఫున పేరున్న న్యాయవాదులు వాదించారు. శ్రీరాములు నాయుడి కోసం బొంబాయి నుంచి కె.ఎం. మున్షీ వచ్చారు.

శ్రీరాములు నాయుడు నిర్దోషిగా బయటపడ్డారు. అనంతరం కోయంబత్తూరులో పక్షిరాజా స్టూడియో నెలకొల్పి, 1954లో ఎన్.టి. రామారావు కథానాయకుడిగా ‘అగ్గిరాముడు’ తీసినది ఈయనే. భాగవతార్, కృష్ణన్‌ల విషయంలో మాత్రం జ్యూరీ చీలింది. ఆరుగురు దోషులన్నారు, ముగ్గురు కాదన్నారు. తొమ్మిది మందిలో ముగ్గురికి నమ్మకం కుదరని సాక్ష్యం మీద 1945 మే 3న యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష ఖరారయింది. యుద్ధం వల్ల అండమాన్‌కు పంపడం లేదు గనుక ఇక్కడి కారాగారంలోనే శిక్ష అనుభవించాలి.

హైకోర్టులో అప్పీలు చేశారు. ప్రధాన న్యాయమూర్తి సర్ లయొనెల్ లీచ్, న్యాయమూర్తి లక్ష్మణరావులతో కూడిన ధర్మాసనం 1945 అక్టోబరులో దానిని కొట్టివేసింది. మామూలు మనిషి కథ అక్కడితో ముగిసేది.

కారాగారపు గోడల వెలుపల

భాగవతార్ అరెస్టు నాటికి ఆయన పేరు మీద పలు చిత్రాలకు ఒప్పందాలు జరిగి ఉన్నాయి. అవి ఒక్కొక్కటిగా చేజారాయి. ‘ఉదయనన్’ చిత్రంలో ఆయన వేయవలసిన పాత్రను కర్ణాటక సంగీత విద్వాంసుడు జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం పోషించారు. ఒక వంక కేసు ఖర్చులు పెరుగుతుంటే మరో వంక రాబడి నిలిచిపోయింది. 

ఎన్.ఎస్. కృష్ణన్ పరిస్థితి కూడా ఇంతే. నాగర్‌కోయిల్ సమీపంలోని పేద కుటుంబం నుంచి వచ్చి, నవ్విస్తూనే సమాజానికి బుద్ధి చెప్పిన నటుడాయన. ఆయన భార్య, నటి టి.ఎ. మధురం భర్త విడుదల కోసం అలుపెరుగక పోరాడారు. నాటక సమాజాన్ని చెదిరిపోకుండా నిలబెట్టారు. ఇంటి పెద్ద కారాగారంలో ఉంటే ఆ శిక్షలో సగం ఇంటివారే మోస్తారన్న సత్యానికి ఆమె జీవితమే సాక్ష్యం.

లండన్ దాకా వెళ్లిన మొర

నాడు భారతీయ న్యాయస్థానాలపై చివరి అప్పీలు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లేది. సముద్రాలు దాటి అక్కడ న్యాయవాదిని పెట్టుకోవడానికి ఎంతో ధనం కావాలి. భాగవతార్, కృష్ణన్‌లకు ఆ స్తోమత ఉంది. ప్రీవీ కౌన్సిల్ వారి మొర విని, మద్రాసు హైకోర్టు ఈ అప్పీలును మళ్లీ విచారించాలని ఆదేశించింది.

ఈసారి వారి పక్షాన నిలిచినవారు వి.ఎల్. ఎతిరాజ్. 1890లో వేలూరులో జన్మించిన ఈ న్యాయవాది అంతకుముందు మద్రాసులో ప్రభుత్వ పక్షాన ప్రాసిక్యూటరుగా పనిచేసిన తొలి భారతీయుడు. కేసులను ఎలా కడతారో, ఎక్కడ అతుకులు ఉంటాయో లోపలి నుంచి తెలిసినవారు. 1948లో మహిళల కోసం మద్రాసులో కళాశాల నెలకొల్పిన దాత కూడా ఆయనే.

న్యాయమూర్తులు హాపెల్, షహాబుద్దీన్‌లు అప్పీలును మొదటి నుంచి పరిశీలించారు. అప్రూవర్ సాక్ష్యం వారికి నమ్మదగినదిగా తోచలేదు. 1947 ఏప్రిల్‌లో భాగవతార్, కృష్ణన్‌లు నిర్దోషులని తీర్పు ఇచ్చి విడుదల చేశారు. అరెస్టు నాటి నుంచి రెండేళ్లకు పైగా కాలం గడిచిపోయింది. వాస్తవానికి సాక్ష్యం అదే, సాక్షీ అతడే. దానిని తూచిన త్రాసు మాత్రమే మారింది. ఒక త్రాసులో యావజ్జీవ శిక్షకు సరిపోయిన మాట మరో త్రాసులో తేలిపోయింది.

లక్ష్మీకాంతన్ హత్య వెనుక అసలు ఎవరున్నారన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకునే సమాధానం నేటికీ లేదు. తప్పుడు మనిషికి శిక్ష పడితే నష్టపోయేది ఆ మనిషి ఒక్కడే కాదు. చనిపోయినవాడికి దక్కవలసిన న్యాయం కూడా దారి తప్పుతుంది. లక్ష్మీకాంతన్ రాతలు ఎటువంటివైనా ఆయన ప్రాణానికి విలువ లేకుండా పోదు.

తిరిగిరాని కాలం

విడుదల తరువాత కృష్ణన్ మళ్లీ నవ్వులు పూయించారు. 1949లో ‘నల్లతంబి’ వంటి చిత్రాలతో ప్రజల మన్నన పొందారు. చేతికి ఎముక లేని దాతగా పేరు తెచ్చుకుని 1957 ఆగస్టు 30న కన్నుమూశారు. నేడు చెన్నైలో కలైవాణర్ అరంగం ఆయన బిరుదును మోస్తోంది.

భాగవతార్‌కు పూర్వవైభవం తిరిగి రాలేదు. 1948లో ‘రాజముక్తి’ విడుదలయింది. అందులో మన భానుమతి కూడా నటించారు. చిత్రం నిరాశపరచింది. 1952లో ‘అమరకవి’, ‘శ్యామల’ వచ్చాయి. పాట అదే మాధుర్యంతో ఉన్నా ప్రేక్షకుడు మారాడు. పాటలు తగ్గి మాటలు పెరిగాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆ సంధికాలంలో కొత్త తరం నటులు, కొత్త ధోరణి రచయితలు తెర మీదకు వచ్చారు. అసలు మార్పు జరిగిన రోజుల్లోనే ఆయన కారాగారంలో ఉండిపోయారు. ఆ మార్పుతో పాటు నడిచే అవకాశం ఆయనకు దక్కలేదు. 1957లో ‘పుదు వాళ్వు’ కూడా ఆదుకోలేదు.

ఒకప్పటి సంపద కరిగిపోయింది. మధుమేహం ఆరోగ్యాన్ని కుంగదీసింది. చూపు మందగించింది. ‘అశోక్ కుమార్’లో కుణాలుడికి కథ ముగిసేలోగా చూపు తిరిగి వచ్చింది, తండ్రి తన తప్పు తెలుసుకున్నాడు. ఆ వేషం వేసిన మనిషికి ఆ భాగ్యం కలగలేదు. ఆలయాల్లో పాడుతూ, భక్తి మార్గంలో ఉపశమనం వెతుక్కుంటూ చివరి ఏళ్లు గడిపారు. 1959 నవంబరు 1న మద్రాసు జనరల్ ఆసుపత్రిలో తుదిశ్వాస విడిచారు. పదిహేనేళ్ల క్రితం లక్ష్మీకాంతన్ ప్రాణం పోయింది కూడా అక్కడే. భాగవతార్ వయసు అప్పటికి 49 ఏళ్లు. ఆయన నటించిన ‘శివగామి’ మరణానంతరం 1960లో విడుదలయింది. తరువాతి కాలంలో తిరుచ్చిలో ఆయన పేరిట స్మారక మండపం నిర్మించారు.

నిర్దోషి అని కోర్టు ప్రకటించినా, అరెస్టు వార్త విన్న చెవులన్నిటికీ విడుదల వార్త చేరదు. చేరినా అనుమానం పూర్తిగా తొలగదు. భాగవతార్ జీవితంలోని చివరి పన్నెండేళ్లు చెప్పే విషయం ఇదే.

మన ఇంటి దాకా వచ్చే పాఠం

ఇది సినిమావారి కథే గదా అనుకోరాదు. భాగవతార్‌కు లండన్ దాకా వెళ్లగల ధనం, ఎతిరాజ్ వంటి న్యాయవాది, లక్షలాది అభిమానుల సానుభూతి ఉన్నాయి. అన్నీ ఉన్నా రెండేళ్లకు పైగా పట్టింది. ఏ అండా లేని కూలి మనిషికి ఎంత కాలం పడుతుంది?

ఇందుకు సమాధానం మన రాష్ట్రంలోనే ఉంది. 2007లో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఒక విద్యార్థిని దారుణ హత్యకు గురయింది. ఆ కేసులో పేద కుటుంబానికి చెందిన యువకుడిని 2008లో అరెస్టు చేశారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతడిని నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైలులో గడిచిపోయాయి. ఇటు యువకుడి యవ్వనం పోయింది, అటు బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రులకు న్యాయం అందలేదు. అభివృద్ధి చెందిన దేశాలు కూడా ఇందుకు మినహాయింపు కావు. ఇంగ్లండులో 1974 నాటి బర్మింగ్‌హామ్ పేలుళ్ల కేసులో ఆరుగురికి 1975లో యావజ్జీవ శిక్ష పడింది. పోలీసులు తమను కొట్టి ఒప్పుకోలు రాయించారని వారు మొదటి నుంచీ మొరపెట్టుకున్నారు. వారి శిక్ష రద్దయింది 1991లో.

సరిహద్దు పల్లెల కుటుంబాలకు మరో చిక్కు కూడా ఉంది. పని కోసం, పెళ్లి కోసం, ఆసుపత్రి కోసం మనవారు రాష్ట్రం దాటుతూ ఉంటారు. తమిళం మాట్లాడగలిగినవారందరికీ తమిళ లిపి చదవడం రాదు. అటునుంచి వచ్చినవారికి తెలుగు లిపితోనూ ఇదే ఇబ్బంది. చదవలేని కాగితం మీద పెట్టిన సంతకం ఏమి ఒప్పుకుందో సంతకం పెట్టినవాడికే తెలియదు.

2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమలులోకి వచ్చింది. పేరు మారినా మూల నియమం మారలేదు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు నేరాన్ని రుజువు చేయదు. ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు గాని, విషయం గాని బయటపడితే, దానికి సంబంధించిన మేరకే ఆ మాట పనికివస్తుంది. బలవంతం చేసి, బెదిరించి, ఆశపెట్టి రాబట్టినది చెల్లదు. తోటి నిందితుడి సాక్ష్యానికి ఇతర ఆధారాల బలం ఉండాలన్న మాట కొత్త చట్టంలో మరింత స్పష్టంగా ఉంది. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద చెప్పినవారు సంతకం చేయవలసిన పని లేదు. అరెస్టు చేసిన 24 గంటలలో, ప్రయాణ సమయం మినహా, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. తనపై తానే సాక్ష్యం చెప్పుకోవాలని ఎవరినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగంలోని 20వ అధికరణం చెబుతోంది. న్యాయవాదిని పెట్టుకోలేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది.

మేజిస్ట్రేటు ముందు నిలబడిన క్షణం అత్యంత విలువైనది. దెబ్బ తగిలితే అక్కడ చెప్పాలి. భాష తెలియకపోతే అక్కడే చెప్పాలి. ఒప్పుకోలు చెప్పనవసరం లేదని, చెబితే అది తనకే వ్యతిరేకంగా పనిచేయవచ్చని మేజిస్ట్రేటు ముందుగా హెచ్చరించాలి. ఇవి నేరస్థుల కోసం కనిపెట్టిన సౌకర్యాలు కావు. 1855 నాటి కిట్టి కింద నలిగిన వేళ్లు సంపాదించి పెట్టిన హక్కులు.

పల్లెల్లో ఎవరినైనా పోలీసులు తీసుకువెళితే, స్టేషన్‌లో ఒప్పుకున్నాడట అన్న మాట సాయంత్రానికల్లా రచ్చబండకు చేరుతుంది. ఆ మాటతోనే మన తీర్పు కూడా పూర్తవుతుంది. ఆ కుటుంబంతో పలకడం మానేస్తాం, పిల్లల సంబంధాలు ఆగిపోతాయి. అలాంటి సాయంత్రాన త్యాగరాజ భాగవతార్‌ను ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఒక మాటను నమ్మిన ఆరుగురు ఆయనను జైలుకు పంపారు. అదే మాటను ఓపికగా తూచిన ఇద్దరు ఆయనను ఇంటికి పంపారు. తూచి చూసే ఆ ఓపిక న్యాయమూర్తులకే కాదు, ఇరుగుపొరుగుకూ ఉండవలసినదే.